నాలుగు కాళ్ల కర్ర, కాలి స్ప్లింటు, తాడు గిలక: వరంగల్ సర్జికల్ షాపుల్లో పక్షవాతం సామాను మీద సమీక్ష

కాలు చెయ్యి పడిపోయిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకుపోయే రోజునే చాలామంది వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపులకు వెళ్తారు. ములుగు బస్సో, పరకాల బస్సో, నర్సంపేట బస్సో ఎక్కేలోపు సామాను కొనేయాలన్న తొందర. ‘పక్షవాతం పేషెంటు’ అనగానే కౌంటర్ మీదికి వచ్చేవి దాదాపు ఏ షాపులోనైనా ఒకటే: నాలుగు కాళ్ల కర్ర, ప్లాస్టిక్ కాలి స్ప్లింటు, పిసికే రబ్బరు బంతి, దర్వాజకు వేలాడదీసే తాడు గిలక, భుజానికి వేసే జోలె, ఒక్కోసారి వాకర్. మనిషిని చూడకుండా జబ్బు పేరు విని ఇచ్చే సామాను ఇది. ఇందులో ఏది మనిషిని నిలబెడుతుందో, ఏది పడేస్తుందో, ఏది భుజాన్ని పాడు చేస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష. ఎక్కువ భాగం నాలుగు కాళ్ల కర్ర గురించే ఉంటుంది. సరిగ్గా అమర్చితే అన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చేది అదే, తప్పుగా అమర్చితే నెలల తరబడి నడకను వంకర చేసేదీ అదే.

ముందు ఒంటి సంగతి కొంత చెప్పుకోవాలి. లేకపోతే కర్ర ఎత్తు మీద ఇంత పట్టింపు ఎందుకో అర్థం కాదు. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా మన ఒళ్లు ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతూనే ఉంటుంది. చీలమండ చుట్టూ ఉన్న కండరాలు, ముఖ్యంగా పిక్కవి, ఆ ఊపును ఎప్పటికప్పుడు సర్దుతుంటాయి. ఊపు పెద్దదైతే తుంటి దగ్గర వంగి ఆపుకుంటాం. అదీ చాలకపోతే ఒక అడుగు వేసి నిలదొక్కుకుంటాం. ఈ సర్దుబాటు కోసం మెదడుకు మూడు దిక్కుల నుంచి కబురు అందుతుంది: కళ్ల నుంచి, లోపలి చెవి నుంచి, అరికాళ్లూ కండరాలూ కీళ్ల నుంచి. ఒకటి సరిగా రాకపోతే మిగతా రెండింటితో నెట్టుకొస్తుంది. పక్షవాతంలో ఒకవైపు కండరాలు చచ్చుబడటం అందరికీ కనబడుతుంది. ఆ వైపు అరికాలి నుంచి రావాల్సిన కబురు కూడా చాలామందిలో మొద్దుబారిపోతుంది, అది మాత్రం ఎవరికీ కనబడదు. అందుకే పగటిపూట బాగానే నిలబడిన మనిషి రాత్రి కరెంటు పోగానే తూలుతాడు. స్నానం చేస్తూ ముఖానికి సబ్బు రాసుకొని కళ్లు మూసుకోగానే పడతాడు. కర్ర కొనే డబ్బులతోపాటు బాత్రూంలోకి వెడల్పు కాళ్ల స్టూలు ఒకటి, మంచం దగ్గరి నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బులు రెండు కొనమని మేము అనేది ఇందుకే.

ఇంకో సంగతి. నిండు బిందె ఎత్తబోయే మనిషిని గమనించండి. చెయ్యి బిందెకు తగలకముందే కాళ్లలో, వెన్నులో కండరాలు బిగుస్తాయి. చెయ్యి కదిలితే ఒళ్లు ఎటు ఒరుగుతుందో మెదడు ముందే లెక్కగట్టి దానికి ఎదురు కట్టు కడుతుంది. పక్షవాతం వచ్చాక ఈ ముందస్తు కట్టు ఆలస్యంగా పడుతుంది, లేదా బలహీనంగా పడుతుంది. కర్ర ఎత్తి ముందుకు పెట్టడం కూడా చెయ్యి కదిలించడమే కదా. బరువైన కర్ర ఎత్తిన ప్రతిసారీ ఆ మనిషి ఒక చిన్న తూలును కొనితెచ్చుకుంటున్నాడు. కాబట్టి షాపులో ‘గట్టిది, స్టీలుది’ అని బరువైన కర్ర అంటగట్టబోతే వద్దనండి. అల్యూమినియం గొట్టంతో చేసినది చాలు. చాలా కర్రల మీద ఎన్ని కిలోల మనిషి వరకు ఆగుతుందో స్టిక్కర్ ఉంటుంది, అది ఒకసారి చదివితే బలం మీద అనుమానం తీరుతుంది.

కర్ర బరువు మోయడానికే అని అందరూ అనుకుంటారు. మోస్తుంది, నిజమే. కానీ దానికంటే విలువైన పని ఇంకొకటి చేస్తుంది. 1994లో జెకా, లాక్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి కదలని వస్తువును వేలి కొసతో ఊరికే తాకినా, అంటే 100 గ్రాముల బరువు కూడా మోపకపోయినా, ఒంటి ఊపు స్పష్టంగా తగ్గింది. అంత చిన్న బలం ఒంటిని ఆపలేదు. ఆపింది ఆ వేలి నుంచి మెదడుకు వెళ్లిన కబురు. నేల ఎక్కడుందో, ఒళ్లు ఎటు జరుగుతోందో మొద్దుబారిన అరికాలు చెప్పలేకపోతే, మంచి చేతిలోని కర్ర చెప్తుంది. ఈ లెక్కన తేలికగా తాకుతూ నడిచేవాడికి కర్ర పాఠం నేర్పుతుంది. దాని మీద పడుకున్నట్టు వాలి నడిచేవాడికి పడిపోయిన కాలును వాడకుండా ఉండటం నేర్పుతుంది.

ఇక వస్తువు సంగతి. నాలుగు కాళ్ల కర్రలో అడుగున ఉండే పీట చిన్నది, పెద్దది అని రెండు సైజుల్లో దొరుకుతుంది. షాపుల్లో ‘పెద్దదైతే సేఫ్’ అని పెద్ద పీటే ఇస్తుంటారు. మొదటి రోజుల్లో, పక్కన మనిషి లేనిదే నిలబడలేనప్పుడు, గదిలో నాలుగు అడుగులు వేయడానికి పెద్ద పీట మంచిదే. కానీ అది మెట్టు మీద పట్టదు, రెండు కాళ్లు గాల్లో ఉంటాయి. మంచానికీ గోడకూ మధ్య సందులో ఇరుక్కుంటుంది. గడప దగ్గర తట్టుకుంటుంది. ఎక్కువమందికి చిన్న పీటే సరిపోతుంది.

కొనేటప్పుడు చేసే అతిపెద్ద పొరపాటు కుడి ఎడమల దగ్గర జరుగుతుంది. పీటను పైనుంచి చూడండి. గొట్టం మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. గొట్టానికి దగ్గరగా ఉన్న రెండు కాళ్లు ఒంటి వైపు రావాలి, బయటికి చాచినట్టున్న రెండు కాళ్లు బయటి వైపు ఉండాలి. షాపులో కర్ర సాధారణంగా కుడిచేతికి అమర్చి ఉంటుంది. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే పడిపోయేది కుడి కాలు, కుడి చెయ్యి. అంటే ఆ మనిషి కర్ర పట్టుకోవాల్సింది ఎడమ చేత్తో. పీట తిప్పకుండా అలాగే ఇస్తే చాచిన కాళ్లు లోపలికి వచ్చి, మంచి కాలు ముందుకు వేసిన ప్రతిసారీ దానికి తగులుతాయి. నడిచే ఆ ఒక్క మంచి కాలూ తట్టుకుంటే ఇక పట్టుకునేది ఏముంటుంది? గొట్టం మీదుండే బటన్ నొక్కి పీటను సగం చుట్టు తిప్పితే సరిపోతుంది. పిడి మాత్రం ఎప్పుడూ ముందుకు చూస్తూ ఉండాలి. పీట తిరగని రకం కర్ర అయితే కొనకండి.

ఎత్తు కొలిచేటప్పుడు మనిషి ఇంట్లో వేసుకునే చెప్పులో బూట్లో వేసుకొని ఉండాలి. వీలైనంత నిటారుగా నిలబెట్టి, చెయ్యి పక్కకు వదిలేయమనాలి. పిడి పైభాగం మణికట్టు మడత దగ్గరికి రావాలి. కర్ర పట్టుకున్నాక మోచెయ్యి 20 నుంచి 30 డిగ్రీల వరకు వంగి కనబడాలి. గొట్టానికి ఉండే రంధ్రాల మధ్య దూరం సాధారణంగా ఒక అంగుళం, ఒక్క రంధ్రం తేడా కూడా నడకలో తెలుస్తుంది. ఎత్తు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి బాగా వంగిపోయి నేలను నొక్కే బలం పోతుంది. తక్కువైతే మనిషి కర్ర వైపు ఒరుగుతాడు. పక్షవాతంలో రెండోదే ఎక్కువ నష్టం, ఎందుకంటే అలా ఒరిగినంత సేపూ పడిపోయిన కాలి మీద బరువు పడదు. బరువు పడని కాలుకు బలం రాదు, దాని అరికాలి కబురూ మెదడుకు చేరదు. మనిషిని షాపుకు తీసుకెళ్లలేకపోతే మణికట్టు మడత నుంచి నేల దాకా టేపుతో కొలిచి ఆ సెంటీమీటర్లు రాసుకొని పోండి. ‘ఐదున్నర అడుగుల మనిషి’ అని చెప్తే వచ్చేది అందాజు ఎత్తే.

బటన్ రంధ్రంలో పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. సగం వచ్చిన బటన్ మనిషి బరువు పడగానే జారి కర్ర ఒక్కసారిగా కుంగుతుంది. బటన్ కింద బిగించే రింగు ఉంటే అది తప్పకుండా బిగించాలి. రింగు వదులైతే నడిచేటప్పుడు టకటకమని చప్పుడు వస్తుంది.

నడక క్రమం ఇది: ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, చివరికి మంచి కాలు. కర్రను ఒక అడుగు దూరానికి మించి పెట్టకూడదు. పాదం పక్కన, ఒక బెత్తెడు ఎడంగా పెట్టాలి. కర్ర కాళ్ల అడుగున ఉండే నాలుగు రబ్బరు బుష్‌లూ ఒకేసారి నేలను తాకాలి. వెనక రెండు ముందు తాకి తర్వాత ముందువి తాకితే కర్ర ఊగుతుంది, మొద్దుబారిన కాలుకు తోడు మెదడుకు ఇంకో తప్పుడు కబురు అందుతుంది. కొంచెం వేగం పెరిగిన మనిషికి ఈ ఊగుడు తప్పదు. నాలుగు కాళ్ల కర్ర నెమ్మది నడక కోసమే చేసినది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, పడిపోయిన కాలు ముందు. గోడకు పట్టుకునే రాడ్ ఉంటే కర్ర పక్కన పెట్టి రాడ్ పట్టుకోవడమే మేలు. ఆ రాడ్ మంచి చేతి వైపే ఉండాలని గుర్తుంచుకోవాలి. ఎక్కేటప్పుడు కుడివైపు ఉన్నది దిగేటప్పుడు ఎడమవైపు అవుతుంది, కాబట్టి రెండు పక్కలా పెట్టించుకోవాలి.

కుర్చీలోంచి లేచేటప్పుడు కర్రను లాగి లేవకూడదు. పీట ఎంత వెడల్పుదైనా లాగితే ఒరుగుతుంది. రెండు పాదాలూ మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి జరుపుకోవాలి, పడిపోయిన కాలి పాదం ఇంకో రెండు వేళ్లు వెనక్కి ఉంటే దాని మీద బరువు పడుతుంది. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, మంచి చేత్తో కుర్చీ చేతిని నొక్కి లేవాలి. నిలబడి కుదురుకున్నాకే కర్ర అందుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి వేయండి, లేకపోతే వెనక్కి జారుతుంది. నులక మంచం నడుమ కుంగి ఉంటుంది, అందులోంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. చెక్క మంచం మీద గట్టి పరుపు వేసి, మోకాలి ఎత్తుకు కొంచెం పైకి ఉండేలా చూడండి. ఇలా లేచి కూర్చోవడం రోజుకు 10 సార్ల చొప్పున మూడు విడతలు చేస్తే, ఒక్క కర్రతో గదిలో తిరిగినదానికంటే కాలుకు ఎక్కువ పని దొరుకుతుందని మా అభిప్రాయం.

కర్ర మీద ఎంత వాలుతున్నారో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బరువు తూచే డిజిటల్ మిషను ఒకటి, అంతే ఎత్తున్న చెక్క పలక ఒకటి పక్కపక్కన పెట్టండి. పడిపోయిన కాలు మిషను మీద, మంచి కాలు పలక మీద పెట్టి, కర్ర పట్టుకొని నిలబడమనండి. పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. 60 కిలోల మనిషి అయితే మిషను మీద 30కి దగ్గరగా రావాలి. 12, 15 దగ్గర ఆగితే ఆ కాలు ఊరికే వేలాడుతోందని తెలుస్తుంది. అప్పుడు అంకె చూసుకుంటూ నెమ్మదిగా ఆ వైపు బరువు మార్చడమే ఒక వ్యాయామం. మొద్దుబారిన కాలుకు మిషను అంకె కళ్ల ద్వారా కబురు అందిస్తుంది. తర్వాత కర్రను మిషను మీద పెట్టి చూడండి. 10, 12 కిలోలు దాటి కర్ర మీదికి పోతుంటే ఎత్తు సరిచూసుకోవాలి.

మన ఇళ్ల నేలల సంగతి మరిచిపోకూడదు. షాబాద్ బండల మధ్య సందులు లోతుగా ఉంటే నాలుగింట్లో ఒక బుష్ అందులో పడి కర్ర ఒరుగుతుంది. పాలిష్ గ్రానైట్ మీద తడి ఉంటే అరిగిన బుష్ జారుతుంది. ఊళ్లో సీసీ రోడ్డు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటుంది, ఆ వాలులో నాలుగు కాళ్లూ ఆనవు. నల్లరేగడిలో వాన పడితే చెప్పనక్కర్లేదు, సన్నని కాళ్లు దిగబడతాయి, పైకి లాగితే బురద ముద్దలతో వస్తాయి. ఈ కర్ర చదునైన గచ్చు కోసం. బయటికి పోయేటప్పుడు పక్క మనిషి చెయ్యి, లేదా పెద్ద రబ్బరు బుష్ ఉన్న ఒంటి కర్ర నయం. బుష్ అడుగున గాళ్లు అరిగిపోయి నున్నగా అయ్యాక మార్చాలి, నాలుగూ ఒకేసారి మార్చాలి, లేదంటే ఎత్తుల తేడాతో కర్ర కుంటుతుంది. కొనేటప్పుడే ఒక అదనపు సెట్టు తీసుకోండి, చిన్న ఊళ్లలో అదే సైజు దొరకడం కష్టం.

నాలుగు కాళ్ల కర్రకు మా మార్కులు అయిదింట నాలుగు. తగ్గిన ఒకటి కర్రది కాదు, కొలత లేకుండా అమ్మే పద్ధతిది.

రెండోది కాలి స్ప్లింటు. ఏఎఫ్‌ఓ అని, ఫుట్ డ్రాప్ స్ప్లింట్ అని అడుగుతారు. పాదాన్ని పైకి లేపే కండరం, మోకాలి కింద ముందువైపు ఎముక పక్కన ఉండేది, పనిచేయకపోతే కాలి వేళ్లు నేలకు రాసుకుంటాయి. అలా రాసుకోకుండా మనిషి తుంటి ఎత్తి, కాలును కొడవలిలా బయటికి తిప్పి వేస్తాడు. స్ప్లింటు పాదాన్ని 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచితే ఆ తిప్పుడు తగ్గుతుంది. రెడీమేడ్‌వి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో, కుడి ఎడమలకు వేరువేరుగా, చెప్పు సైజును బట్టి దొరుకుతాయి.

పాదం మెత్తగా వేలాడుతుంటే మడమ వెనక సన్నగా ఉండే రెడీమేడ్ రకం బాగానే పనిచేస్తుంది. పిక్క బిగుసుకుపోయి పాదం లోపలికి మెలికపడే మనిషికి అది చాలదు. పాదం ప్లాస్టిక్‌ను కూడా మెలితిప్పుతుంది, మడమ పైకి లేచిపోతుంది. షాపులో వేసి చూసినప్పుడు కూర్చున్నప్పుడే కాదు, నిలబడి నాలుగు అడుగులు వేశాక కూడా మడమ అడుగుకు ఆని ఉందో లేదో చూడాలి. మడమ వెనక వేలు దూరే సందు ఉంటే ఆ సైజు కాదు, లేదా ఆ రకమే కాదు. అలాంటివాళ్లకు కాలి అచ్చు తీసి చేయించుకునేదే సరైనది, ఖర్చు ఎక్కువైనా సరే. చీలమండ పట్టీ పాదానికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా, మడమను వెనక్కి నొక్కేలా ఉండాలి. పై అంచు మోకాలి బయటివైపు ఉండే చిన్న ఎముక గుబ్బకు రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగాలి. ఆ గుబ్బ కిందుగా పోయే నరమే పాదాన్ని లేపేది. దాన్నే స్ప్లింటు అంచు నొక్కితే లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

మొదటి రోజు ఒక గంట చాలు. విప్పి చర్మం చూడండి. ఎర్ర మచ్చ అరగంట దాటినా పోకపోతే ఆ చోట ఒత్తుతోందని అర్థం, సరిచేయించేదాకా వేయకూడదు. పక్షవాతంతోపాటు షుగర్ ఉన్నవాళ్లు, కాలికి స్పర్శ తెలియనివాళ్లు ఇది రోజూ చూసుకోవాలి, నొప్పి తెలియదు కాబట్టి కళ్లే కాపలా. ఓరుగల్లు ఎండలకు ప్లాస్టిక్ లోపల చెమట నిలుస్తుంది. మోకాలి దాకా వచ్చే పలుచని నూలు సాక్సు వేసి దాని మీద స్ప్లింటు వేయాలి, మధ్యాహ్నం ఒకసారి సాక్సు మార్చాలి.

మన ఇళ్లలో స్ప్లింటు వల్ల జరిగే ప్రమాదం ఒకటుంది. ఇంట్లోకి చెప్పులతో రాము. అందుకని స్ప్లింటు వేసి ఉత్త పాదంతో నడిపిస్తారు. నున్నని ప్లాస్టిక్ అడుగు, నున్నని గ్రానైట్. జారడానికి ఇంతకంటే ఏం కావాలి? స్ప్లింటు ఎప్పుడూ బూటులోనే ఉండాలి. ఇంట్లోకి మాత్రమే వాడే కాన్వాస్ బూట్ల జత వేరుగా కొనండి, పూజగది అభ్యంతరమూ ఉండదు. స్ప్లింటు కాలికి ఒక సైజు పెద్దది పడుతుంది, లోపలి మెత్తను తీసేసి చూడండి. హవాయి చెప్పుల్లో స్ప్లింటు నిలవదు. మడమ వెనక పట్టీ, పైన వెల్క్రో ఉన్న శాండల్ పనికొస్తుంది. బూటు మడమ ఎత్తు మారితే స్ప్లింటు వంపు కూడా మారిపోతుంది, కాబట్టి జత మార్చినప్పుడు అదే ఎత్తుది తీసుకోవాలి. గట్టి స్ప్లింటు వేసుకున్నప్పుడు మోకాలు పాదం మీదుగా ముందుకు రాదు, అందుకే కుర్చీలోంచి లేవడం, మెట్లు దిగడం కష్టమవుతాయి. కింద కూర్చునే మరుగుదొడ్డి అసలే కుదరదు. కమోడ్ కుర్చీ ముందే చూసుకోవాలి.

తాడు గిలక గురించి గట్టిగానే చెప్పాలి. పడిపోయిన చేతిని మంచి చేత్తో తాడు లాగి పైకెత్తించే సాధనం ఇది. చౌక, చూడటానికి వ్యాయామంలా కనబడుతుంది, అందుకే ప్రతి ఇంట్లో దర్వాజకు వేలాడుతుంది. చెయ్యి పైకి లేవాలంటే భుజం బంతి కీలుతోపాటు వీపు మీది రెక్క ఎముక కూడా తిరగాలి. చచ్చుబడిన భుజంలో ఆ రెక్క తిరగదు. తాడు మాత్రం చేతిని పైకి లాగేస్తుంది, మధ్యలో ఉన్న కండరాలు, పొరలు ఎముకల నడుమ నలుగుతాయి. 1990లో కుమార్, ఆయన తోటివాళ్లు 28 మంది పక్షవాతం రోగుల్ని మూడు గుంపులుగా చేసి పరీక్షించారు. ఫిజియోథెరపిస్టు చేతితో కదిలించిన గుంపులో 8 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది, చక్రాల పలక మీద చెయ్యి జరిపిన గుంపులో 12 శాతం మందికి, గిలక గుంపులో 62 శాతం మందికి. చిన్న అధ్యయనమే, కానీ తేడా చిన్నది కాదు. అమెరికా స్ట్రోక్ వైద్య మార్గదర్శకాలు కూడా గిలక వద్దనే అంటాయి. గిలకకు సున్నా మార్కులు. కొన్నవాళ్లు వాడకుండా తీసేయండి. దాని బదులు బల్ల మీద తువ్వాలు పరిచి, రెండు చేతులూ దాని మీద పెట్టి ముందుకూ పక్కలకూ జరపడం చాలు, చెయ్యి భుజం ఎత్తు దాటనక్కర్లేదు.

పిసికే బంతి మీద మాకు పెద్ద ఆశ లేదు. పక్షవాతం చేతిలో వేళ్లు ముడుచుకోవడం దానంతటదే వస్తుంది, తెరవడమే రాదు. రోజంతా బంతి పిసికితే వచ్చేదాన్నే మళ్లీ సాధన చేసినట్టు. గ్లాసు పట్టి వదలడం, బట్టల క్లిప్పు తెరవడం, పల్లీలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలో వేయడం మేలు. భుజం జోలె నడిచేటప్పుడు చెయ్యి కిందికి జారకుండా పట్టుకోవడానికే, రోజంతా వేస్తే మోచెయ్యి అలాగే వంగి బిగుసుకుంటుంది. వాకర్ రెండు చేతులతో ఎత్తి పెట్టేది, ఒక చెయ్యి పడిపోయిన మనిషి దాన్ని వంకరగా ఈడుస్తాడు, కొనొద్దు. ‘నరాల కరెంటు మిషను’ పేరుతో అమ్మే టెన్స్ యంత్రం నొప్పి కోసం చేసినది, అది పాదాన్ని లేపదు. నడకతోపాటు సరైన క్షణంలో కండరానికి కరెంటు ఇచ్చి పాదం లేపే యంత్రాలు వేరు, వాటి ధర వేరు, అవి కౌంటర్ మీద కొనేవి కావు.

పెద్ద నగరాల్లో తాళ్లతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించే కేంద్రాల గురించి కూడా చాలామంది అడుగుతారు. 2011లో వచ్చిన అమెరికా లీప్స్ పరిశోధనలో 408 మంది ఉన్నారు. ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ల కంటే ఇంటి దగ్గరే ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో బలం, నిలకడ వ్యాయామాలు చేసినవాళ్లు ఏడాది తర్వాత వెనకబడలేదు. యంత్రం కోసం హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోనక్కర్లేదు. కానీ ఆ ఇంటి వ్యాయామం కూడా 36 విడతలు, నిపుణుడి ఎదుటే జరిగింది. ఇంట్లోవాళ్లకు నేర్పి వదిలేస్తే చాలా అన్నది మన దేశంలోనే పరీక్షించారు. అటెండ్ అనే ఆ పరిశోధన 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు వైద్యం కంటే అదనపు లాభం కనబడలేదు. కొడుకో కోడలో ప్రేమగా చేయించినంత మాత్రాన సరిపోదు. హన్మకొండ, కాజీపేటల నుంచి ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడం కుదిరితే, కర్ర కొనకముందే ఒకసారి పిలిపించి కొలతలు తీయించడం, మొదటి మూడు నెలలు వారానికి కొన్నిసార్లైనా చూపించడం సామాను ఖర్చు కంటే ముందు పెట్టుకోవాల్సిన ఖర్చు. కోలుకోవడం వేగంగా సాగేది ఆ నెలల్లోనే. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు ఒక మాట. 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు, 60 దాటినవాళ్లకు, చేతికర్రలు, మూడు, నాలుగు కాళ్ల కర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తారు. కాన్పూరులోని అలిమ్కో తయారీ. శిబిరం పెట్టినప్పుడే దొరుకుతాయి కాబట్టి జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగి ఉంచాలి. అక్కడ ఇచ్చిన కర్రకు కూడా పైన చెప్పిన కొలత, కుడి ఎడమల సర్దుబాటు తప్పవు.

నాలుగు కాళ్ల కర్ర ఎప్పుడు వదలాలి? ఇంట్లో 10 మీటర్లు టేపుతో కొలిచి గీతలు గీయండి. ముందు రెండు మీటర్లు, తర్వాత రెండు మీటర్లు అదనంగా వదిలి, మధ్య 10 మీటర్లకు పట్టే సెకన్లు ఫోనులో చూడండి. 25 సెకన్లు దాటితే సెకనుకు 0.4 మీటరు లోపు, అది ఇంట్లో తిరగడానికే సరిపోయే వేగం. 12 నుంచి 13 సెకన్లలో నడిస్తే సెకనుకు 0.8 మీటరు, బజారుకు పోగల నడక. ఈ రెంటి మధ్యకు వచ్చాక, నడుస్తూ మాట్లాడినా ఆగిపోకుండా ఉంటే, ఒంటి కర్రకు మారే ప్రయత్నం చేయొచ్చు. మాట్లాడగానే ఆగిపోయే మనిషికి నడక మీద ఇంకా మెదడంతా పెట్టాల్సి వస్తోంది, ఇంకొన్ని వారాలు ఆగాలి. మొదట గదిలోనే, పక్కన మనిషితో, రోజుకు పది నిమిషాలు ఒంటి కర్ర, మిగతా సమయం పాతదే. రాత్రి బాత్రూంకు పోయేటప్పుడు మాత్రం చాలాకాలం నాలుగు కాళ్లదే ఉంచండి.

అక్కర తీరిన కర్రను అటక మీద పడేయకండి, ఊళ్లో ఇంకొకరికి పనికొస్తుంది. ఇచ్చేముందు బుష్‌లు నాలుగూ కొత్తవి వేయించి, రింగు బిగించి, తీసుకునేవాళ్ల మణికట్టుకు మళ్లీ కొలిచి, ఏ చేతితో పట్టుకుంటారో అడిగి పీట తిప్పి ఇవ్వండి.